అరిగిన నేల

ఆస్ట్రేలియాలోని సెడూనాలో సముద్రం పక్కన, చక్రాల ఇళ్లు నిలిపే మా కారవాన్ పార్కులో చివరి బండి వెర్నాది. పొట్టి మనిషి, గట్టి అడుగు. ఏళ్ల తరబడి ఆ బండినే ఇల్లు చేసుకుని అందులోనే పోయిన ఒక కుంటి ముసలాయన కూతురు లినెట్ దగ్గర దాన్ని కొనుక్కుంది. పరుపు మార్చింది, పరదాలు మార్చింది, నేల జోలికి మాత్రం పోలేదు. స్టవ్ నుంచి మంచం దాకా ఆ ఇరుకుదారిలో ముసలాయన అడుగులు అలాగే ఉన్నాయి. కుడికాలు పడ్డచోటల్లా పల్లం, ఎడమకాలు ఈడ్చినచోటల్లా గీత. వేరే దారి లేదు కనుక వెర్నా రోజూ టీకప్పుతో వాటిలోనే నడుస్తుంది.

"ఏంటి వెర్నా, అలా కుంటుతున్నావు? ఆ నేల పీకించెయ్" అన్నాడు పక్కబండి ట్రెవర్ ఈమధ్య.

"నేనా కుంటేది? ముందు నీ కళ్లజోడు తుడుచుకో. నేల నన్నేం చేస్తుందయ్యా!" అని నవ్వేసింది.

నిన్న సాయంత్రం, బండి కింద ఉండిపోయిన తండ్రి గాలపుకర్ర కోసం లినెట్ వచ్చింది. ఆరిన బట్టలు భుజాన వేసుకుని వెర్నా గుమ్మం వైపు వెళ్తోంది. ఎడమకాలు ఇసుకలో గీత గీస్తోంది. వెనకనుంచి చూసిన లినెట్ ఉన్నచోటే ఆగిపోయింది.

"నాన్నా!" అంది, తనకు తెలియకుండానే.

"వస్తున్నానమ్మా" అంది వెర్నా, వెనక్కి తిరగకుండానే.