వరండాలో పదిహేను ఆంపుల బోర్డు

జనగామ బస్టాండు ఎదురుగా చాయ్ గ్లాసులు చిన్నవైపోయాయి. ఈ విషయం మీద ఎవరూ ధర్నా చేయడం లేదు. ఒకప్పుడు ఒక్క చాయ్ తాగేలోపు పేపర్లో జిల్లా పేజీ మొత్తం అయిపోయేది. ఇప్పుడు మొదటి హెడ్డింగు చదివేసరికే గ్లాసు అడుగు కనిపిస్తోంది. కాగితం కప్పు సంగతి చెప్పనక్కర్లేదు, అది దగ్గుమందు సీసా మూతకు దగ్గరి చుట్టం. నిలబడి తాగి వెళ్లిపోయేవాళ్లకు ఈ తేడా తెలియదు. కాలాన్ని చాయ్‌లతో కొలిచే నాలాంటివాడికి తెలుస్తుంది. కరెంటు కారు కొన్నప్పటి నుంచి నాది అదే కొలత. ముప్పై శాతం నుంచి ఎనభై దాకా ఎక్కాలంటే, పాత గ్లాసుల లెక్కన మూడు చాయ్‌లు, కొత్త గ్లాసుల లెక్కన ఏడు.

కారు కొని రెండేళ్లయింది. డిగ్రీలో ఫిజిక్సు చదివి, జూనియర్ కాలేజీలో అదే చెప్పుకుని బతుకుతున్నవాణ్ని కాబట్టి, బాగా ఆలోచించి కొన్నాననే అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఒక్కసారి చార్జింగ్ పెడితే మూడువందల కిలోమీటర్లు వస్తుందని కాగితంలో రాసి ఉంది. ఎండ లేకుండా, ఏసీ లేకుండా, బహుశా నేను కూడా లేకుండా నడిపితే వస్తుంది. నా చేతిలో మాత్రం రెండువందల ముప్పై దాటలేదు.

ఈ రెండువందల ముప్పైతో మా ఇంట్లో ఒక చిన్న అన్యాయం జరిగింది. నాకు ఇద్దరక్కలు. చిన్నక్కది మహబూబాబాద్. కొడకండ్ల, తొర్రూరు మీదుగా తొంభై కిలోమీటర్లు. పొద్దున పోయి సాయంత్రం రావచ్చు, దారిలో ఎవరినీ ప్లగ్గు అడగనక్కర్లేదు. పెద్దక్కది భూపాలపల్లి. పోవడానికి చార్జింగ్ సరిపోతుంది, రావడానికి సరిపోదు. అందుకని రెండేళ్లలో చిన్నక్క ఇంటికి ఆరేడుసార్లు వెళ్లాను. పెద్దక్కకు ఫోన్ చేశాను.

బాపు, అవ్వ పోయాక ఆడబిడ్డలకు పుట్టిల్లంటే ఇక నేనూ మా ఆవిడే. మా దిక్కు పుట్టింటివాళ్లు ఆడబిడ్డకు మూడో ఏటో అయిదో ఏటో ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు ఆమె కొంగులో పోసి, కొత్త చీర పెట్టడం. ఆమె అందులోంచి అయిదు పిడికిళ్లు తిరిగి పుట్టింటివాళ్లకే ఇస్తుంది. మిగిలినవి ఇంటికి తీసుకెళ్లి వండి, నలుగురికి పెట్టి తాను తింటుంది. బియ్యానికి కరువై కాదు. మావాళ్లున్నారు అని ఆ నలుగురికి తెలియడానికి.

పెద్దక్కకు అయిదో ఏడు నిరుడే వచ్చింది. ఆమె జనగామ రాలేదు. కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు దవాఖానలో మిషను మీద పడుకోవాలి. మేమే వెళ్లి పోయాలి. నేను మూడుసార్లు వాయిదా వేశాను. మొదటిసారి దారిలో చార్జరు లేదన్నాను. రెండోసారి చార్జరు పెట్టారు గాని నడవడం లేదన్నాను. మూడోసారి పేపర్లు దిద్దే డ్యూటీ పడిందన్నాను. మూడింటిలో రెండు నిజాలు.

రెండోసారి వాయిదా వేసినప్పుడే అక్క అడిగింది, మామూలుగా ఇంట్లో ప్లగ్గుకు పెడితే ఎంతసేపు పడుతుందని. పది గంటలు, అదీ పెద్ద ప్లగ్గయితే అని చెప్పాను. ఎవరికి చెప్పినా అయ్యో అనే మాట అది. అక్క మాత్రం సంతోషపడింది.

"మంచిదే గద తమ్మీ. మాపటికొచ్చి తెల్లారి పోతవ్. పెట్రోలు బండి ఉన్నన్ని దినాలు చాయ్ చల్లారకముందే లేస్తుంటివి."

తన సంగతి కూడా కలిపింది. తననూ వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు చార్జింగ్ పెడుతున్నారట, ఆ చార్జింగూ రెండు రోజులకే దిగిపోతోందట, నా బండీ తనూ ఒకే కంపెనీ అయి ఉండాలట. మా ఇంట్లో జోకులు వేసేవాణ్ని నేనేనని బయట పేరుంది. ఆ పేరు అక్క బయటికి రాకపోవడం వల్ల నాకు దక్కింది.

వారం తిరగకుండా ఫోనుకు ఫోటో వచ్చింది. వరండాలో గోడకు కొత్త పదిహేను ఆంపుల బోర్డు, పక్కన నిలబడి మా బావ. బావ బొగ్గుబాయిలో ముప్పైయేళ్లు పనిచేసి రిటైరైనవాడు, ఫోటో అంటే పాస్‌పోర్టు ఆఫీసుకు వచ్చినట్టు నిలబడతాడు. నేను తిరిగి బొటనవేలు బొమ్మ పంపాను. ఆ తరువాత ఆ బోర్డు సంగతి మర్చిపోయాను. ఇది తేలిగ్గా రాస్తున్నాను గాని, నిజంగానే మర్చిపోయాను.

ఈ ఎండాకాలం ఒక ఆదివారం చిన్నక్కకు ఒడిబియ్యం పోయడానికి మహబూబాబాద్ వెళ్లాం. తనకు ఇది మూడో ఏడు, ఆలస్యం ఒక్కరోజు కూడా లేదు. పదకొండింటికల్లా పోయడం అయిపోయింది. చిన్నక్క కొత్తచీరలో, నిండిన కొంగు నడుముకు చుట్టుకుని కూర్చుని ఉండగానే భూపాలపల్లి నుంచి బావ ఫోన్ చేశాడు. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు, తీసుకొచ్చాం, చూసేవాళ్లు వచ్చి చూడండని చెప్పాడు. బాయిలో షిఫ్టు మారినట్టు చెప్పాడు. తరువాత ఫోను అక్క చేతికి పోయింది. గొంతు ఎక్కడో అడుగు నుంచి వచ్చింది.

"బియ్యం పట్టుకరా తమ్మీ. ఈసారి ఎగ్గొట్టకు."

చిన్నక్క ఒడి విప్పలేదు. అట్లాగే లేచింది. ఇంట్లోంచి కొత్త బియ్యం సంచీలో పోసుకుని, పసుపు పొట్లం, కుడుకలు, పళ్లెం పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. చిన్నక్కకని తెచ్చిన రెండు చీరల్లో రెండోది మా ఆవిడ తీసి పక్కన పెట్టింది. మేం ముగ్గురం బయలుదేరాం.

కారు తెర మీద యాభై ఎనిమిది శాతం. భూపాలపల్లి నూట ఇరవై కిలోమీటర్లు. యాభై ఎనిమిది శాతానికి నూట ముప్పై వస్తుంది. మా ఆవిడ సోషల్ స్టడీస్ చదువుకుంది, ఆమె కూడా సరిపోతుందనే అంది. నేను ఒప్పుకోలేదు. ఎండ, ఏసీ, ముగ్గురి బరువు, ములుగు దిక్కు రోడ్డు అని పాఠం చెప్పాను. చెప్పని సంగతి ఒకటుంది. అక్కడికి చేరితే సరిపోదు, మళ్లీ ఎట్లా తిరిగి రావాలా అని నేను లెక్క వేసుకుంటున్నాను. పోయేది ఎందుకో తెలిసి కూడా.

నర్సంపేట దాటాక రోడ్డు పక్క హోటల్లో చార్జరు ఉంది. తెర మీద ముప్పై అయిదు శాతం, ఇంకా డెబ్భై కిలోమీటర్లు. దిగాను. చార్జరుకు ఉన్నది ఒక్కటే గన్ను, అది ఒక తెల్లకారుకు తగిలించి ఉంది. ఆ కారు ఎనభై నాలుగు దగ్గర ఉంది.

బ్యాటరీ సంగతి బస్టాండులో బస్సు సంగతే. మొదట ఖాళీ సీట్లుంటాయి కాబట్టి జనం గబగబా ఎక్కేస్తారు. ఎనభై దాటాక కిటికీలోంచి వేసిన తువ్వాళ్లు, చంకలో పిల్లలు, జరుగన్నా జరుగన్నా అనుకుంటూ ఒక్కొక్కరే. మొదటి ఎనభైకి పట్టినంత సేపూ చివరి ఇరవైకి పడుతుంది. తెల్లకారాయన కుటుంబంతో కాళేశ్వరం పోతున్నాడు, లోపల భోజనం చేస్తున్నాడు. వెళ్లి అడిగాను. ఇంకో పావుగంట అంతే, ఫుల్ చేసుకుని తీసేస్తా అన్నాడు. మా అక్క సంగతి ఆయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలియదు. కొత్తవాళ్ల ముందు అటువంటి మాట అనడం నాకు మొహమాటం. జోకయితే వేసేవాణ్ని.

ఆ పావుగంట మూడు కాగితం కప్పుల పొడవు నడిచింది. మా వంతు వచ్చేసరికి మిషను మీద అరవై కిలోవాట్లని రాసి ఉంది గాని పదిహేను మాత్రమే ఇస్తోంది. అడిగితే, ఎండకు మిషను వేడెక్కితే అంతే సార్, అది కూడా మనిషే కదా అన్నాడు హోటలాయన.

బావ ఫోన్ చేశాడు. అక్క కళ్లు తెరిచి ఉంది, ఎక్కడిదాకా వచ్చారని అడుగుతోంది అన్నాడు. చార్జింగ్ పెట్టాను, ఇంకో అరగంట అన్నాను. అక్కకు ఆ మాట చేరినట్టుంది, బావ కాసేపు ఫోను పక్కకు పెట్టి ఏదో విన్నాడు. మళ్లీ వచ్చి, సరే అని పెట్టేశాడు.

వెనక సీట్లో చిన్నక్క తలుపు తెరుచుకుని, పళ్లెం మోకాళ్ల మీద పెట్టుకుని బియ్యానికి పసుపు పట్టిస్తోంది. ఆమె ఒడిలో ఆమె బియ్యం, దాని మీద పళ్లెంలో పెద్దక్క బియ్యం. చేతులు ముంజేతి దాకా పచ్చబడ్డాయి. మధ్యమధ్య తలెత్తి చార్జరు దిక్కు చూస్తోంది.

"ఇంకెంతసేపు?"

ఎనభై కాగానే పోదామన్నాను. ఎనభై దాకా త్వరగా ఎక్కుతుందని, ఆ పైనే నెమ్మదని ఆమెకు కూడా వివరించాను. ఆమె వినలేదు, గింజ గింజకూ పసుపు అంటిందా అని చూసుకుంటోంది. అరవై రెండు దగ్గర మా ఆవిడ ఇక చాలు పదండి అంది. డెబ్భై ఒకటి దగ్గర మళ్లీ అంది. నేను ఎనభై దగ్గర గన్ను తీశాను. గంట దాటింది.

మల్లంపల్లి దాటుతుంటే బావ మళ్లీ చేశాడు. నేను నడుపుతున్నాను కాబట్టి ఫోను స్పీకర్లో ఉంది.

"తొందరేం లేదు. మెల్లగ రాండ్రి."

మా దిక్కు మెల్లగ రాండ్రి అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కారులో ఎవరూ ఏడవలేదు. కరెంటు కారుకు చప్పుడు ఉండదని కొన్నప్పుడు అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ నలభై కిలోమీటర్లూ నాకు వినపడింది చిన్నక్క గాజుల చప్పుడు. ఆమె చెయ్యి ఇంకా పళ్లెంలో తిరుగుతూనే ఉంది.

ఇల్లు చేరేసరికి నాలుగు కావస్తోంది. ఇంటి ముందు టెంటు వేశారు, కుర్చీలు దింపుతున్నారు. రోడ్డు మీద అడ్డమవుతుందని వాడవాళ్లు నా కారును సందులోకి, వరండా పక్కకు రమ్మని చేతులు ఊపారు. రా రా అంటూ గోడ దాకా తెచ్చి ఆపించారు. దిగి చూస్తే చార్జింగ్ మూతకు ఎదురుగా, మూరెడు దూరంలో, గోడకు ఆ బోర్డు. వాన పడకుండా పాలిథిన్ కవరు తొడిగి, దారంతో కట్టి ఉంది. ముడి అక్కదే. మా అవ్వ నేర్పిన ముడి, ఊరగాయ జాడీకి వేసేది.

తెర మీద నలభై తొమ్మిది శాతం. ఆగకుండా వస్తే నాలుగో అయిదో ఉండేది. ఆ నాలుగుతో ఇక్కడికి రావచ్చునని, ఇక్కడ నాకోసం ఒక బోర్డు ఉందని, ఆ హోటల్లో కూర్చున్నంతసేపూ నాకు ఒక్కసారి తట్టలేదు. ఫిజిక్సులో నా మార్కులు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

బావ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆ ఫోటోలో నిలబడ్డట్టే.

"పోయిన వారం సుత ఇస్త్రీపెట్టె పెట్టి చూసింది, పనిజేస్తదా లేదా అని. ఇయ్యాల నువ్వు చార్జింగుకు తొవ్వల ఆగినవంటే, ఇంట్ల బోర్డు పెట్టిపిచ్చిన గద అన్నది."

అంతే చెప్పి, కుర్చీలు సరిచేయడానికి వెళ్లిపోయాడు.

మొగుడు ఉండగా పోయిన ఆడమనిషికి పుట్టింటివాళ్లు ఆఖరిసారి చీర పెట్టి ఒడిబియ్యం పోయాలి. ఆ లెక్కన తెచ్చిన బియ్యం వృథా పోలేదు. స్నానం చేయించి, పసుపు కుంకుమ పెట్టి, మేం తెచ్చిన చీర కప్పి, మా ఆవిడనూ నన్నూ పిలిచారు. పడుకుని ఉన్న మనిషికి ఒడి పట్టుకోవడానికి చేతులు రావు కాబట్టి ఆ కొంగును ఇద్దరు ఆడవాళ్లు రెండు అంచులా పట్టుకున్నారు. చిన్నక్క పళ్లెం అందించింది. ఇద్దరం దోసిళ్లతో అయిదుసార్లు పోశాం. కుడుకలు పెట్టాం. చాలా బాగా పట్టింది పసుపు. ఒక్క గింజ కూడా తెల్లగా లేదు.

పోశాక నా దోసిలి అట్లాగే చాపి ఉంచాను. అలవాటు. పోసిన తరువాత ఆడబిడ్డ అయిదు పిడికిళ్లు తిరిగి ఇవ్వాలి కదా. పక్కనున్న ఒక ముసలామె నా చేతులు పట్టుకుని నెమ్మదిగా కిందికి దింపింది.

కొంగు ముడి వేయడానికి చిన్నక్క వంగింది. తన నడుముకు తన ఒడి కట్టే ఉంది, పొద్దున నేను పోసింది. పచ్చటి చేతులతో ముడి బిగించి, తలెత్తి నా మొహంలోకి చూసింది.

"బతికుండంగ పోస్తే వండుకొని తినేది."