అన్నానికి గంట హాల్టు: బిలాస్‌పూర్ నుంచి వెళ్ళి కలకత్తాలో ఒక పగలు

సిట్టీ, నువ్వు రాసిన కాగితం పట్టుకుని నేనూ రమణమ్మా కలకత్తా వెళ్ళొచ్చాం. అన్నీ నువ్వు రాసినట్టే చేశామని చెప్పలేను. ఒకచోట తప్పాం. ఎక్కడ తప్పామో, ఎందుకు తప్పామో ఇందులో రాస్తున్నాను.

చదివేవాళ్ళకు ముందు సంగతి చెప్పాలి. సిట్టి మా అమ్మాయి. బిలాస్‌పూర్‌లో మూడేళ్ళు గూడ్సు గార్డుగా పని చేసింది. బొగ్గు బండి చివర బ్రేక్ వ్యానులో ఒక్కతే కూర్చుని రాయగఢ్ వైపు వెళ్ళొచ్చేది. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి, తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది. ఇరవై ఏడేళ్ళు. గార్డు పనిలో బండి ఎక్కడ ఆగినా ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి కదిలింది, ఎందుకు ఆగింది అని రాసుకోవాలట. "కారణం రాయకుండా బండి ఒక్క నిమిషం కూడా ఆగకూడదమ్మా" అనేది. నాకూ రమణమ్మకూ కలకత్తా చూపిస్తానని వేసిన ప్లాను కూడా అలాగే నాలుగు గళ్ళు గీసి రాసింది. చోటు, చేరే వేళ, కదిలే వేళ, ఆగడానికి కారణం. హౌరా బ్రిడ్జికి ఎదురుగా "అమ్మ నోరు తెరుచుకుని చూడ్డానికి" అని ఉంది. పూల బజారుకు ఎదురుగా "రమణ ఆంటీ బేరాలు" అని ఉంది. ఒంటిగంట నుంచి రెండు వరకు ఉన్న గడిలో "అన్నం. ఈ హాల్టు తగ్గించరాదు" అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

ఆ గీతలు నా కోసమే. పిల్ల డ్యూటీలో ఉంటే నేను మధ్యాహ్నం అన్నం పెట్టుకునేదాన్ని కాదు. వేరే బండికి దారివ్వడానికి దాని బండిని ఎక్కడైనా పక్కన లూప్ లైనులో నిలబెట్టినప్పుడు దాని ఫోను రావాలి, "తిన్నానమ్మా" అనాలి, అప్పుడు తినేదాన్ని. బొగ్గు బండికి వేళాపాళా లేదు. ఒక్కోరోజు మూడయ్యేది, ఒక్కోరోజు అయిదయ్యేది. ఒకసారి కోప్పడింది. "అమ్మా, నువ్వు పహలే ఖా లో, ముందు తినీ అంటే వినవేటి? నువ్వు పస్తు కూకున్నావని నానిక్కడ గబగబా మింగుతన్నాను, తినట్లేదు. నన్నలా కట్టెయ్యకు." నాకు నవ్వొచ్చింది. మర్నాడు కూడా ఫోను కోసమే కూర్చున్నాను. అది పోయాక ఆ ఫోను లేదు. మధ్యాహ్నం గిన్నె మూత తీయబుద్ధి కాదు. సాయంత్రం ఎప్పుడో రెండు ముద్దలు తింటే తిన్నట్టు.

రమణమ్మ ముప్పై ఏళ్ళు మా పక్క క్వార్టరులో ఉండేది. వాళ్ళాయన రిటైరయ్యాక ఊళ్ళోనే తోర్వాలో ఇల్లు కట్టుకున్నారు. నాకంటే రెండేళ్ళు చిన్నది, నన్ను అప్పా అంటుంది, అంటే అక్క. ఒకరోజు కొడుకు స్కూటరు మీద వచ్చి, దేవుడి పటం వెనక ఉన్న కాగితాన్ని లాగింది.

"ఏటప్పా, దీనికి కూడా దండమెడతన్నావేటి? ఎల్దారి పద."

"అది నేకండా ఎలా ఎల్తామే?"

"టికెట్టు, దారి, ఆకరికి నా బేరాలు కూడా రాసీసింది. ఇంకేటి కావాల నీకు? అచ్ఛా, నువ్వు రాకపోతే నానొక్కదాన్నే ఎల్తాను. కాయితం ఇటియ్యి."

కాగితం ఇవ్వడం ఇష్టం లేక ఒప్పుకున్నాను.

రిజర్వేషన్ రెండు నెలల ముందు తెరుచుకుంటుంది. మేము ఆ రోజే చేయించాం. ఇన్నాళ్ళూ మా ఆయన రైల్వే పాసు మీదే తిరిగిన నేను మొదటిసారి టికెట్టు కొన్నాను, పాసులో రమణమ్మ పేరు ఉండదు కదా. స్లీపరు మనిషికి నాలుగు వందల పైచిలుకు పడింది. ఫారంలో వయసు సరిగ్గా రాస్తే మా వయసు ఆడవాళ్ళకు కింద బెర్తు వచ్చే వీలుంది. రమణమ్మ మాత్రం నలభై రెండు రాయమంది. "కింద బెర్తు కావాలా, వయసు తగ్గాలా?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "అయితే యాభై మూడే రాయి, ఎవులికీ సూపించకు" అంది.

సాయంత్రం ఏడింటికి బిలాస్‌పూర్‌లో ఎక్కాం. మా ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు, ఆ వారం నైటు డ్యూటీ. మమ్మల్ని ఎక్కించి, "వేళకి తినండి" అని చెప్పి అటునుంచే షెడ్డుకు వెళ్ళారు. పులిహోర తిని పడుకున్నాం. కాగితంలో హౌరా ఆరు నలభైకి అని ఉంది. బండి రెండు గంటలు ఆలస్యంగా ఎనిమిదీ నలభైకి చేరింది. వెయిటింగ్ హాలులో స్నానాలు చేసి, టీ, బ్రెడ్డు తీసుకున్నాం. క్లోక్ రూములో సంచికి తాళం లేదని తీసుకోలేదు. బయటికి వెళ్ళి చిన్న తాళం, గొలుసు కొని తెచ్చేసరికి ఇంకో అరగంట పోయింది. మీరు ఇంటి దగ్గరే తాళం వేసుకుని వెళ్ళండి.

స్టేషను బయటికి వస్తే బ్రిడ్జి కనిపిస్తుంది. నిదానంగా నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాలు. పక్కన మనుషులు నడిచే దారి వేరుగా ఉంది, కానీ నెత్తిన మూటలున్నవాళ్ళు ఆగరు, మనమే తప్పుకోవాలి. మధ్యలో నిలబడి పైకి చూశాను. నోరు తెరిచానో లేదో నాకు తెలియదు. రమణమ్మ, "తెరిసావప్పా, నాను సూసాను" అంది. అవతలి ఒడ్డున మెట్లు దిగితే పూల బజారు. బంతి దండలు కట్టలు కట్టలుగా తాళ్ళలా వేలాడతాయి. పొద్దున్నే అయితే ఇంకా బాగుంటుందట. రమణమ్మ ఎనభై చెప్పిన దండను నలభైకి తెచ్చింది.

"ఈ దండ మోసుకుని ఊరంతా తిరుగుతావేటే?"

"బేరాలాడమని రాసింది కదా. కొనకపోతే బేరమెలాగవుద్ది? సిట్టి పొటోకి ఏద్దారి." దండను తడిగుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టింది.

అక్కడ పసుపు టాక్సీ ఎక్కాం. విక్టోరియా భవనానికి రెండు వందల యాభై అడిగి రెండు వందలకు వచ్చాడు. డ్రైవరు పెద్దాయన, బిహారు మనిషి. బిలాస్‌పూర్ అనగానే, తన తమ్ముడు అక్కడే సిర్గిట్టిలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడని హిందీలో చెప్పాడు. ఇవాళ ఏమేం చూస్తారని అడిగితే కాగితం చదివి వినిపించాను. ఆయన వేళ్ళమీద లెక్కపెట్టాడు.

"దీదీ, ఇది పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టేవాళ్ళ ప్లాను. మీకు ఇప్పుడే పన్నెండైంది. ఒకటి వదిలేయండి."

నేను వదిలేసింది అన్నం. టాక్సీలోనే నిశ్చయించుకున్నాను. సిట్టి చూడాలనుకున్న చోట్లలో ఒక్కటి తగ్గినా దాన్ని సగం దారిలో దింపేసినట్టు ఉంటుందనిపించింది. రమణమ్మతో చెప్పలేదు.

విక్టోరియాలో తోటకు ఒక టికెట్టు, లోపలి భవనానికి ఒక టికెట్టు. సోమవారం లోపల మూసి ఉంటుంది. తోటలో నీళ్ళ పక్కన కాసేపు కూర్చుని, లోపలికి వెళ్ళే వరుసలో నిలబడ్డాం. వరుస చాలా పొడుగుంది, ఎండగా ఉంది. ఒంటిగంట దాటింది.

"అప్పా, ఆకలేస్తంది. ఒంటిగంటకి అన్నమని రాసింది కదా."

"ఇది సూసేసి ఎల్దారే. ఒక్క గంట."

ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే చెప్పాను. ఒకటిన్నరకు రమణమ్మ మాట్లాడటం మానేసింది. చూస్తే నుదుటి మీద చెమట, చేతులు వణుకుతున్నాయి. అక్కడే గట్టు మీద కూలబడింది. దానికి షుగరు ఉంది. పొద్దున్న మాత్ర వేసుకున్నది నేనే చూశాను. తినకపోతే షుగరు పడిపోతుందని నాకు తెలుసు. తెలిసీ నిలబెట్టాను. దాని సంచిలో ఎప్పుడూ చాక్లెట్లు ఉంటాయి, రెండు విప్పి నోట్లో పెట్టాను. కాపలా మనిషి నీళ్ళు తెచ్చిచ్చాడు. పావుగంటకు మొహం తేరుకుంది. తేరుకోగానే నన్ను తిట్టింది.

"నీ కూతురు నాకు అన్నానికి గంటిచ్చింది. నువ్వు లాగీసుకున్నావ్."

దాని సంచి నా భుజాన వేసుకున్నాను. వరుస వదిలేసి బయటికి వచ్చాం. విక్టోరియా లోపల ఏముందో మాకు తెలియదు.

టాక్సీలో ఎస్ప్లనేడ్ వెళ్ళి, వెనక సందులో ఒక అన్నం హోటలు చూసుకున్నాం. నాలుగు బల్లలు, వండేదీ వడ్డించేదీ ఒక బెంగాలీ ఆవిడే. అందరూ మాసీ అంటున్నారు, అంటే పిన్ని. చేపతో భోజనం నూట ఇరవై. అన్నం, పప్పు, వేయించిన బంగాళాదుంపలు, ఆవపిండి పులుసులో చేప ముక్క. రమణమ్మ తినడం మొదలుపెట్టింది. నేను కంచం ముందు పెట్టుకుని, అలవాటు కొద్దీ ఫోను తీసి బల్ల మీద పెట్టాను. రమణమ్మ చూసింది. అప్పుడే ఫోను మోగింది. పేరు చూడకుండానే ఎత్తాను. మా ఆయన.

"తిన్నావేటి?"

"నేదు, ఇప్పుడే కూకున్నాం. మీరు తిన్నారేటి?"

"నువ్వు తిన్నానంటే తిందారని కూకున్నాను."

గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది. నైటు డ్యూటీ చేసి వచ్చిన మనిషి. నాకు ఒళ్ళు మండింది. "నా కోసం మీకు పస్తేటి? మీరక్కడ అలా కూకుంటే నాకిక్కడ ముద్ద దిగుద్దా? నన్నలా కట్టెయ్యకండి" అని అరిచాను. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. ఆ ఆఖరి మాట ఎవరిదో నాకు నోటి నుంచి వచ్చాక తెలిసింది. ఆయనకూ తెలిసినట్టుంది. తర్వాత మెల్లగా, "సరే, నాను తినేస్తాను. నువ్వూ తిను" అన్నారు. గిన్నె మూత తీసిన చప్పుడు వినిపించింది. అప్పుడు ఫోను పెట్టేశాను.

ఫోనును సంచిలో వేసి తిన్నాను. మాసీ వచ్చి "ఔర్ భాత్?" అని ఇంకాస్త అన్నం చూపిస్తే వద్దనలేదు. రెండుసార్లు పెట్టించుకున్నాను. తొందరపడి లేవలేదు.

అక్కడినుంచి హౌరాకు మెట్రో ఉంది, పది రూపాయలు, నది కిందనుంచి వెళ్తుంది. ఇన్నేళ్ళు రైలు పట్టాల పక్కన బతికినవాళ్ళమే, అయినా నీళ్ళ కింద రైలంటే ఇద్దరం చేతులు పట్టుకుని కూర్చున్నాం. నది దాటడానికి నిమిషం కూడా పట్టలేదు. "అప్పుడే అయిపోయిందా?" అని రమణమ్మ నిరాశపడింది.

సాయంత్రం హౌరాలో బండి కోసం కూర్చుని, కాగితం తీసి సిట్టి వేళల పక్కన మా వేళలు రాశాను. బ్రిడ్జి, ఆలస్యం. విక్టోరియా లోపల, ఆగలేదు. అన్నం, రెండూ నలభై నుంచి మూడూ నలభై. గంట. తగ్గించలేదు. అది బతికుండగా నేను ఆకలితో కూర్చుంటే దానికేదో చేస్తున్నాననుకున్నాను. ఆ ఊగే బండిలో అది నా కోసం గబగబా మింగిందంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఇప్పుడు తెలిసి దానికి లాభం లేదు. మా ఆయనకు ఉంది, నాకు ఉంది. ఇంటికొచ్చాక వాడిపోయిన బంతి దండను దాని ఫోటోకు వేశాం. మర్నాడు ఒంటిగంటకు కంచం పెట్టుకున్నాను.

మీరు ఈ ప్రయాణం చేసేటట్టయితే ఒక్క మాట. హౌరా బండి ఆలస్యమైతే చూసే చోట్లలో ఒకటి తీసేయండి, అన్నం గంట మాత్రం తీయకండి. ఇంట్లోవాళ్ళకు కూడా మా ఫోను కోసం ఆగొద్దని బయల్దేరే ముందే చెప్పండి. ఇది చదివి లేచాక, వేళైతే మీరూ కడుపునిండా అన్నం తినండి.