సిర్కా గోదాం గడప దగ్గర

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పుకొని బతికేదాన్ని, నమ్మితే నా జీతం దండగ. కానీ తార్నాక వైపు, క్యాంపస్ గోడకు ఆనుకొని మా సంఘానికి ఒక పాత రాతి గోదాం ఉంది. అందులోకి ఒంటరిగా మాత్రం వెళ్లను.

సంఘమంటే అంగూర తోటలు, అంటే ద్రాక్ష తోటలున్న కొన్ని రైతు కుటుంబాలు. పండును దళారుల చేతిలో పెట్టకుండా వైన్, సిర్కా అనే ద్రాక్ష వెనిగర్ మేమే చేసి గోదాం ముందు గదిలో అమ్ముతాం. వెనక గదిలో పీపాలు. రసం పులిసేటప్పుడు పుట్టే గాలి కంటికి కనబడదు, బరువుగా నేల మీద పరుచుకొని మనిషిని పడేస్తుంది. అందుకే నాన్న ఒక పద్ధతి పెట్టాడు. లోపలికి వెళ్లేవాళ్లు వెలిగించిన దీపం నేల మీద పెట్టాలి. ఇంకొకరు గడప దగ్గర నిలబడి "ఉన్నవా?" అని అడుగుతూ ఉండాలి. లోపలివాళ్లు "ఉన్న" అనాలి. దీపం ఆరినా, జవాబు ఆగినా బయటికి లాగేయాలి. నాన్న గుండెజబ్బుతో పోయాక ఆయన పని అమ్మ తీసుకుంది.

కిందటేడు ఎండాకాలంలో ఒక సాయంత్రం క్లాసు ముగించుకొని వెళ్లాను. అమ్మకు మోకాళ్ల నొప్పి. రెండుసార్లు వంగడమెందుకని దీపాన్ని స్టూలు మీద పెట్టింది.

"అమ్మా, కింద పెట్టు."

"ఏమైతది? గీడ మంచిగనే వెలుగుతున్నది."

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఆ సామెత కట్టినవాళ్లు మా అమ్మను చూసే ఉంటారు. ఆమె పీపాల వెనక, కింది కుళాయి దగ్గర కూర్చుంది. గడప దగ్గర నిలబడ్డ నాకు కనబడలేదు.

"ఉన్నవా?"

"ఉన్న."

అలా అడిగి అడిగి విసుగొచ్చి మాట మార్చాను. "రాత్రికి ఏం వండుదాం?"

"ఉన్న."

నవ్వొచ్చింది. "కూరేందని అడుగుతున్న."

"ఉన్న."

అదే గొంతు, అదే నిదానం. దీపం నిలకడగా వెలుగుతోంది.

ఊపిరి బిగబట్టి పరుగెత్తాను. అమ్మ పీపాకు తల ఆనించి ఉంది. కళ్లు మూతబడ్డాయి, పెదవులు నీలమయ్యాయి. చంకల కింద చేతులు వేసి ఆమెను గడప వైపు లాగుతుంటే గది లోపలి నుంచి మళ్లీ వినిపించింది, "ఉన్న." అప్పుడు ఎవరూ అడగలేదు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "నాకు బాగలేదని నీకెట్ల తెలిసింది?"

"కూర గురించి అడిగినా ఉన్న అనే అన్నవు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "నేను ఒక్కసారే అన్న బిడ్డా. తర్వాత నోరు లేవలే."

ఇప్పుడు దీపం నేల మీదే పెడుతున్నాం. గడప దగ్గర ఉండేవాళ్లు ప్రతిసారీ వేరే ప్రశ్న అడగాలని నేను పోట్లాడి ఒప్పించాను. ఒక్క అమ్మతోనే తంటా. సాయంత్రం అందరూ బయటికొచ్చాక, నేను తాళం తీసుకొని వచ్చేసరికి, ఆమె ఖాళీ గదిలోకి తొంగిచూస్తూ ఉంటుంది. నాన్న లోపల పని చేస్తున్న రోజుల్లో అడిగినట్టే మెల్లగా అడుగుతుంది.

"ఉన్నరా?"

ఆమె జవాబు కోసం ఆగుతుంది. నాకు భయం, ఆగను. తలుపు మూసేస్తాను.