నందవరం వంకలో తేరు గొలుసు

ఆదోని మీద నాకు మొదటి రోజు నుంచీ ఒక ఫిర్యాదు ఉంది. ఊరి నిండా దూది. స్టేషన్ బయట దూది బేళ్ళు, బజారులో దూది బండ్లు, గాలిలో దూది, టీ గ్లాసులో దూది. సైన్యం మాకిచ్చిన దిండులో మాత్రం కొబ్బరి పీచు.

ఆదోని బళ్ళారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలోకి కొత్తగా వచ్చిన కాలం అది. మేమూ కొత్తే. ఆ ఏడు వానలు ముదిరి ఎమ్మిగనూరు వైపు కల్వర్టులు కొట్టుకుపోయాయి. వాటిని కట్టడానికి సైన్యపు ఇంజనీర్లు వచ్చారు. వాళ్ళ లారీలు రేగడిలో దిగబడితే బయటికి లాగడానికి మేం వచ్చాం. ఒక రికవరీ బండి, నలుగురు మనుషులు: హవల్దార్, డ్రైవర్, ఫిట్టర్, వైర్‌లెస్ సెట్టుతో నేను. నేను తత్వశాస్త్రంలో బి.ఏ. చదివాను. ఆ చదువుకూ ఈ సెట్టుకూ పెద్ద తేడా లేదు. ఎంత అడిగినా అవతలి నుంచి జవాబు రావడం అరుదు.

హవల్దార్‌ది అనంతపురం వైపు. ఆయన గొలుసును చూసే తీరు చెప్పాలి. ముందు కిరోసిన్ గుడ్డతో తుడుస్తాడు. తుప్పు కింద ఏముందో తెలియాలి. తర్వాత ఒక్కో లంకెనూ వేళ్ళతో తడుముతాడు. సాగిన లంకె పక్కదానికంటే పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఆపైన చిన్న సుత్తితో తడతాడు. మంచి లంకె మోగుతుంది. పగులున్నది దగ్గుతుంది. కొక్కెం నోరు కాస్త తెరుచుకున్నా పక్కన పడేస్తాడు. రెండు గొలుసుల్ని బోల్టు పెట్టి కలపనివ్వడు. పెళ్ళిచూపుల్లో ఇంత పట్టుదల ఉంటే మా బంధువుల్లో సగం మందికి పెళ్ళిళ్ళు అయ్యేవి కావు.

మా బండి వైరుతాడులో పోగులు తెగి పైకి లేచాయని ఆయన అంతకు ముందు వారమే దాన్ని తీయించాడు. కొత్తది ఇంకా రాలేదు. మాకు మిగిలింది ఒకే గొలుసు. మంచిది. పొట్టిది.

ఒక మధ్యాహ్నం రెండింటికి నందవరం దగ్గర వంకలో లారీ దిగబడిందని కబురొచ్చింది. ఇంజనీర్లది కాదు. ఎమ్మిగనూరు బసప్ప సొంత లారీ. డ్రైవరూ ఆయనే. ఎద్దుల్నీ చేనునూ అమ్మి కొన్న బండి. అది పోతే ఆయనకు ఇంకో బతుకుతెరువు లేదు. మేం చేరేసరికి వెనక చక్రాలు ఇరుసు దాకా బురదలో ఉన్నాయి. నీళ్ళు మోకాలి లోతు. పడమట ఆకాశం నల్లబడింది. ఊరంతా గట్టు మీద, పాత చావడి గోడ ముందు, వేడుక చూడడానికి నిలబడింది. వెనక్కి పొమ్మన్నాం. రెండడుగులు వెనక్కి పోయి మూడడుగులు ముందుకొచ్చారు.

గట్టి నేల మీది మా బండికీ లారీకీ మధ్య దూరం మా గొలుసుకు మూడింతలు.

అప్పుడు ఊరి రెడ్డి తేరు గొలుసు తెప్పించాడు. ఎనిమిది మంది మోసుకొచ్చారు. ఒక్కో లంకె నా మణికట్టంత లావు, పైన పసుపూ కుంకుమా. దాన్ని చూస్తే లారీని కాదు, ఆదోని కొండనే లాగేటట్టుంది. నేను నమ్మేశాను. బసప్ప దండం పెట్టాడు.

హవల్దార్ బూట్లు విప్పి దాని పక్కన కూర్చున్నాడు. తుడవడానికి రెడ్డిని అడిగి ఒప్పించాడు. తట్టుకుంటూ పోయాడు. మధ్యలో ఒకచోట సుత్తి ఆగింది. మళ్ళీ తట్టాడు. లంకె దగ్గింది.

“దీంతో లాగను,” అన్నాడు.

బసప్ప ఆయన చేయి పట్టుకున్నాడు. “అంత తేరునే లాగుతాది గదన్నా. నా లారీ ఎంత?”

“తేరును నూర్మంది లాగుతారప్పా. బిగుసుకుంటే సేతులు వదులుతారు. ఇంజను వదలదు. ఇది తెగితే ఆ జనంలోకే పోతాది.”

అంత మంది చూస్తుండగా, ఒక మనిషి చేయి పట్టుకుని బతిమాలుతుండగా, గొంతు పెంచకుండా కాదనగలిగినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

మా గొలుసు లారీ దాకా రాకపోతే మా బండే లారీ దగ్గరికి పోవాలన్నాడు. ఊళ్ళోవాళ్ళు పత్తికట్టె మోపులు తెచ్చారు. వాటిని బురదలో పరిచి దారి వేశాం. గంటన్నర పట్టింది. నేను క్యాంపును పిలిచి వాన సంగతి అడిగాను. మొదటిసారి జవాబు వెంటనే వచ్చింది. పై ఊళ్ళలో ధారగా కురుస్తోందట. రాకపోయినా బాగుండేది.

మా బండి కట్టె మీదుగా దిగింది. గొలుసు తగిలించి, తెగినా ఎగరకుండా దాని మీద తడి గోనెలు కప్పాం. మా డ్రైవర్ నింపాదిగా లాగాడు. లారీ బారెడు కదిలింది. ఇంకో బారెడు. అప్పుడు ఎగువ నుంచి హోరు వినిపించింది.

హవల్దార్ కొక్కెం తీయించాడు. బసప్ప లారీ దిగనన్నాడు. హవల్దార్ నడుముల్లోతు నీళ్ళలో పోయి, ఆయన్ను రెక్క పట్టి దింపి తెచ్చాడు. మా బండి గట్టెక్కింది. మా కళ్ళముందే లారీ పక్కకు ఒరిగి, తిరగబడి, పోయింది.

మర్నాడు ఉదయం రెడ్డి వచ్చాడు. జాతరకు ఆ గొలుసునే కట్టాలి, నిజంగా చెడిందేమో లాగి చూపించమన్నాడు. అదే గట్టు మీద ఒక కొసను బండరాయికి, ఇంకో కొసను మా బండికి కట్టాం. డ్రైవర్ వెనక ఇనుపరేకు అడ్డం పెట్టాం. ఈసారి జనం ఎవరూ చెప్పకుండానే దూరంగా నిలబడ్డారు. బండి ఇంకా ఊపు అందుకోలేదు. గొలుసు ఆ లంకె దగ్గరే తెగింది. తెగిన కొస పోయి చావడి గోడను కొట్టింది.

నెలాఖరుకు ఆదోనిలో రైలెక్కి వెనక్కి వచ్చేశాం. తర్వాత చాలా ఊళ్ళు తిరిగాను. చాలావరకు మరిచిపోయాను. ఆ గోడ మాత్రం పోదు. రొమ్ము ఎత్తున తలకాయంత రంధ్రం, చావడి లోపలి నుంచి చూస్తే అవతల ఎర్రటి వంక నీళ్ళు. ముందురోజు సాయంత్రం అక్కడ పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు నిలబడ్డారు. గొలుసు తెగిన ఆ ఉదయం బసప్ప ఆ రంధ్రంలో చేయి పెట్టి చూశాడు. తర్వాత హవల్దార్ వైపు తిరిగాడు.

“జనం బతికినారు, నిజమే. గొలుసును లాగి సూసేకి ఈ పొద్దంతా నీ కాడ టైముంది. నిన్న నా లారీకి లేకపాయె.”