గ్యాసుకు మొక్కిన కోడి

కరెంటు పోతే ఎక్కడైనా జనం పడుకుంటారు, మా వాడలో లేస్తారు. ఇది నాకు చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు. మా గోడకు అవతల ఎనిమిది సాంచెలు నడుస్తాయి. సాంచె అంటే మరమగ్గమే, మా దగ్గర అలాగే అంటారు. పుట్టిన నాటి నుంచీ ఆ చప్పుడులోనే పడుకున్నవాణ్ణి కాబట్టి, అది ఆగిందంటే ఎవరో భుజం తట్టి లేపినట్టు మెలకువ వచ్చేస్తుంది. ఈ వానాకాలం కరెంటు సరిగ్గా తెల్లవారుజామున ఐదింటికి పోవడం అలవాటు చేసుకుంది. ఆదివారాలు కూడా. అడిగితే లైను మరమ్మతు అన్నారు. నా నిద్ర మరమ్మతు వాళ్ల పరిధిలోకి రాదట.

అలా నిద్ర చెడిన ఒక పొద్దున, మా నల్లపెట్ట గురించి నేను తెలుసుకోవాల్సిన దానికంటే కాస్త ఎక్కువే తెలుసుకున్నాను.

ఇంట్లో మేం ముగ్గురం. బాపు ముప్పై ఏళ్లు సాంచెల మీద పనిచేసి, మోకాళ్లు మొరాయించాక ఇంటి దగ్గరే కూర్చుని సాంచెలకు దారం కండెలు చుడుతున్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చేస్తుంది. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. నాలుగోది నల్లపెట్ట. లక్సెట్టిపేటలో ఉండే మా మేనత్త దాన్ని కోడిపిల్లగా ఉన్నప్పుడు చెప్పుల డబ్బాలో పెట్టి పంపింది. బాపు కండెలు చుట్టినంతసేపూ అది ఆయన పక్కనే కూర్చుంటుంది. దానిమీద ప్రేమ ఉందని ఆయన ఎప్పుడూ అనలేదు. అది పక్కన లేకపోతే దారం తెగుతోందని మాత్రం అంటాడు.

రెండేళ్ల కింద ఒక సాయంత్రం బాపు ఛాతీ పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. నేను ఆటో కోసం పరుగెత్తాను. ఆటో వచ్చేలోగా అవ్వకు రెండు నిమిషాలు దొరికాయి, ఆ రెండు నిమిషాల్లో ఆమె పోచమ్మకు మొక్కింది. వాకిట్లో గింజలు ఏరుకుంటున్న నల్లపెట్టను వేలుపెట్టి చూపించి మరీ మొక్కింది.

"తల్లీ, నా మనిషిని బతికియ్యి. గీ పెట్టను నీకిస్త."

దవాఖానలో ఛాతీకి వైర్లు పెట్టి చూసిన డాక్టరు, గ్యాసు అన్నాడు. గోలీలు రాసిచ్చాడు. బాపు బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి ఒక త్రేన్పు త్రేన్చాడు. మా కుటుంబ చరిత్రలో అంత సంతోషం కలిగించిన త్రేన్పు ఇంకోటి లేదు.

అసలు గొడవ ఇంటికొచ్చాక మొదలైంది.

"గ్యాసుకు కోడేందే? కొబ్బరికాయ సాలదా?" అన్నాడు బాపు.

"నేను మొక్కినప్పుడు అది గుండె," అంది అవ్వ.

"డాక్టరు గ్యాసన్నడు గద."

"అన్నది మొక్కినంక. అంతకుముందు గుండెనే. తల్లే మార్చింది."

బాపు నా వైపు చూశాడు. జంతుశాస్త్రంలో ఇలాంటి పాఠం లేదు.

"పోనీ, అంగట్ల వేరే పెట్టను తెస్త. గిది గుడ్లు పెడుతున్నది."

"సూపిచ్చి మొక్కిన. తల్లి సూసింది."

శ్రావణంలో పోచమ్మకు బోనం చేసినప్పుడు మొక్కు తీర్చాలని తేలింది. అమ్మవారికి ఇచ్చే కోడికి ఏ జబ్బూ ఉండకూడదు, అది కూడా అవ్వే చెప్పింది. ఆ మాట చెప్పకుండా ఉంటే ఈ కథ అక్కడే, కూరగిన్నెలో ముగిసేది.

శ్రావణానికి పది రోజుల ముందు నల్లపెట్ట మేత మానేసింది. గొంతు కింద నిమ్మకాయంత గడ్డ. నిజానికి ఈ విషయంలో నేను నిపుణుణ్ణి. మా సిలబస్‌లో బొద్దింక జీర్ణవ్యవస్థ ఉంది. కోడికి లాగే బొద్దింకకూ తిన్నది కాసేపు నిల్వ ఉంచుకునే సంచి ఒకటుంటుంది, పుస్తకంలో దాన్ని అన్నాశయం అంటారు. ఎనిమిదేళ్లుగా దాన్ని రంగు సుద్దముక్కలతో బోర్డు మీద వేస్తున్నాను. కోడి గొంతు చూసి నాకు తోచింది మాత్రం ఒకటే మాట.

"ఏదో వాచింది."

"గిన్నేండ్ల సంది పోరగాండ్లకు ఏం జెప్తున్నవ్‌రా?" అంది అవ్వ.

"బొద్దింక గురించి, అవ్వా."

"గందుకే మనింట్ల బొద్దింకలు మంచిగున్నయ్."

పెట్టను బియ్యం సంచిలో తల బయటికి ఉండేలా కట్టి, బాపు ఒళ్లో పెట్టుకుంటే, బండి మీద పశువుల దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు మత్తిచ్చి, గడ్డ దగ్గర చిన్న కోత పెట్టి, చిమటాతో ఒక దారం ఉండను బయటికి లాగాడు. వాడలో నేలంతా రాలే తెగిన దారం ముక్కల్ని వానపాములనుకుని మింగిందన్నమాట. బాపు ఆ ఉండను కడిగించి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"పాలిస్టర్. మనది కాదు. మన ఇంట్ల కాటనే."

పరువు నిలబడినట్టు తల ఎత్తాడు. ఇంతలో డాక్టరు ఇంకో ఉండ తీశాడు. తెల్లటిది. బాపు దాన్నీ నలిపాడు.

"కాటన్ అరుగుతది," అన్నాడు చివరికి.

డాక్టరు కుట్లు వేసి, సంచి సాగిపోయిందనీ, ఇక ముందు అప్పుడప్పుడూ మేత కిందికి దిగకుండా ఆగిపోతుందనీ చెప్పాడు. ఆగినప్పుడు మేత ఆపి, రెండు చుక్కల నూనె పోసి, సంచిని మెల్లగా పిసకాలి. తలకిందులుగా పట్టుకుని కక్కించకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అరుగుదలకు సన్న కంకర అందుబాటులో ఉంచాలి.

"ఇంకో మాట," అన్నాడు నా వైపు చూస్తూ. "సంచిని పొద్దున్నే చూడండి సార్, మేత వేయకముందు. ఖాళీగా ఉంటే బాగున్నట్టు. సాయంత్రం చూసి లాభం లేదు, కడుపునిండా తిన్న ప్రతి కోడికీ అప్పుడు సంచి నిండే ఉంటుంది."

నేను తల ఊపి మర్చిపోయాను. బాపు తల ఊపలేదు.

కుట్ల వల్ల ఆ ఏడాది మొక్కు వాయిదా పడింది. మరుసటి ఏడు సరిగ్గా శ్రావణంలోనే మేత నిజంగా ఆగిపోయి, పెట్ట నోరు తెరిస్తే పులిసిన కల్లు వాసన వచ్చింది. అవ్వ కొబ్బరికాయ కొట్టి, ఇంకో ఏడు గడువు అడిగి వచ్చింది. ఈ రెండేళ్లలో ఇంట్లో రెండు పొట్టల చుట్టూ ఒకటే దినచర్య ఏర్పడింది. బాపుకు వాము వేసిన మజ్జిగ, పెట్టకు వాము లేని మజ్జిగలో నానిన నూకలు. ఇద్దరికీ కొంచెం కొంచెంగా, నాలుగుసార్లు.

"పెట్ట ఇంటది. మనిషే ఇనడు," అనేది అవ్వ. మిర్చి బండి దగ్గర బాపును పట్టుకున్న రోజుల్లో ఆ మాట కొంచెం గట్టిగా అనేది.

ఈ ఏడు శ్రావణానికి వారం ముందు నుంచే అవ్వ పెట్టను పరీక్షించడం మొదలుపెట్టింది. పొద్దున ఆమెకు ఆకు కత్తిరించే పని, కాబట్టి సాయంత్రం, బీడీల చాట పక్కన పెట్టాక. పెట్టను ఒళ్లోకి తీసుకుని గొంతు కింద నొక్కేది. బాపు పక్కనే నిలబడి, దవాఖాన బయట బెంచీ మీద కూర్చునే బంధువులా ముఖం పెట్టేవాడు.

"నిండే ఉన్నదే," అనేవాడు నిట్టూర్చి.

ఆ వారంలోనే ఒక పొద్దున ఐదింటికి కరెంటు పోయింది. నాకు మెలకువ వచ్చింది. వాకిట్లోకి వెళితే, బాపు గంప ఎత్తి, సెల్‌ఫోన్ లైటు కింద పెట్ట గొంతు తడుముతున్నాడు. నేనూ పక్కన కూర్చుని వేళ్లు పెట్టాను. దూది తీసేసిన దిండు గలీబులా మెత్తగా, చదునుగా ఉంది సంచి. డాక్టరు మాట అప్పుడు గుర్తొచ్చింది.

"బాపూ, గిది బాగైంది గద."

"మెల్లగ మాట్లాడు, మీ అవ్వ ఇంటది."

"ఎప్పుడు బాగైంది?"

"ఉగాదికే."

"మరి అవ్వకు జెప్పలే?"

"ఆమె అడిగితే గద. సంచి నిండిందా అనడుగుతది. మాపటికి నిండుతది. నిండిందంటున్న. గిండ్ల అబద్ధం ఏడున్నది?"

ఆలోచించాను. ఎక్కడా లేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి బాపు దానికి దోసెడు జొన్నలు వేయడం కూడా అబద్ధం కిందికి రాదు. పెట్ట మా ఇద్దరినీ చెరో కంటితో చూసి, కంకర ఏరుకోవడానికి వెళ్లిపోయింది. వెలుతురు వచ్చేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. సాంచెలు లేని ఆ కాసేపట్లో పెట్ట ముక్కు నేలకు తగిలే చప్పుడు కూడా వినిపించింది. ఒక్కోసారి కరెంటు పోవడం అంత చెడ్డదేం కాదు.

బోనాల ముందురోజు సాయంత్రం అవ్వ నన్ను పిలిచింది.

"సారువు గద. నువ్వు సూడు."

బాపు ఆకాశం వైపు చూస్తున్నాడు. నేను పెట్ట గొంతు కింద వేళ్లు పెట్టాను. జొన్నలు ఒక్కొక్కటే లెక్కపెట్టేంత స్పష్టంగా తగులుతున్నాయి.

"నిండుగున్నదవ్వా," అన్నాను. నా ఉద్యోగ జీవితంలో అంత చిన్న పాఠం, అంత కచ్చితమైన పాఠం ఇంకోటి చెప్పలేదు.

అవ్వ నన్ను చూసింది, బాపును చూసింది, పెట్టను కొంచెం ఎక్కువసేపు చూసింది. మర్నాడు బోనం ఎత్తుకుని వెళ్లి, కొబ్బరికాయ కొట్టి, కోడి ప్రాణం బాగాలేదు, జర ఓపిక పట్టు తల్లీ అని చెప్పుకుని వచ్చింది.

ఆ సాయంత్రం ముగ్గురం వాకిట్లోనే ఉన్నాం. బాపు కండెలు చుడుతున్నాడు. ఒక్క పోగూ తెగలేదు. పెట్ట ఆయన మోకాలికి ఆనుకుని, ఈకలు ఉబ్బించి, కళ్లు సగం మూసుకుంది. అవ్వ ఆయన పక్కన మజ్జిగ గ్లాసు పెట్టి, చాట ముందు కూర్చుని, ఆకులో తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, తల ఎత్తకుండానే అంది.

"వచ్చే ఏడు పొద్దుగాల సూస్త."