టాటానగర్ దాకా వచ్చిన సైకిలు షెడ్డు

నూకరత్నాన్ని తీసుకుని టాటానగర్ వెళ్లొస్తానని సెలవు అడిగితే మా హెడ్మాస్టరు గారు, “ఎత్తు దూకడానికి అంత దూరం ఎందుకమ్మా? ఎత్తు ఎక్కడైనా ఎత్తే కదా” అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. తేడా ఎత్తులో కాదు, దూకాక పడే చోట ఉంది. పలాసలో మా స్కూలు గ్రౌండులో ఉన్నది ఇసుక గొయ్యి. అందులో కాళ్ల మీదో చేతుల మీదో పడాలి. ఇప్పుడు పెద్ద పోటీల్లో గెలిచేవాళ్లంతా కడ్డీకి వీపు తిప్పి, వెల్లకిలా దాటి, వీపు మీద పడుతున్నారు. ఇసుకలో అలా పడితే మెడ విరుగుతుంది. టాటానగర్ స్టేడియంలో ఫోమ్ పరుపు ఉందనీ, నేర్పే కోచ్ కూడా ఉన్నాడనీ అక్కడ రైల్వేలో పనిచేసే మా పిన్ని కొడుకు రామారావు కబురు చేశాడు.

ఇది 1983 ఫిబ్రవరి సంగతి. నేను ఆ స్కూల్లో ఆటల టీచర్ని. నూకరత్నం మా దగ్గర చదువుకున్న పిల్లే. పంతొమ్మిదేళ్లు వచ్చినా సాధన మా గ్రౌండులోనే. ఏప్రిల్లో రైల్వేవారి ఎంపిక పోటీలున్నాయి. నూట యాభై ఐదు సెంటీమీటర్లు దాటితే ఉద్యోగం మీద ఆశ పెట్టుకోవచ్చు. ఆమె ఏడాదిగా నూట నలభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. వాళ్లమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళుతుంది, ఆ జిడ్డుకు వేళ్లు నల్లబడిపోయాయి. ఏప్రిల్లో కాకపోతే కూతుర్ని తన పక్కనే పనికి కూర్చోబెడతానని చెప్పేసింది. మేస్త్రీతో మాట్లాడి చోటు కూడా ఖాయం చేసింది.

బయల్దేరే ముందు హెడ్మాస్టరు గారికి సైకిలు షెడ్డు సంగతి ఇంకోసారి గుర్తుచేశాను. మా గొయ్యికి కుడి పక్కన పిల్లల సైకిళ్లు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది. దాని మూల స్తంభం వల్ల ఆ వైపు నుంచి తిన్నగా పరుగెత్తి రావడానికి లేదు. తీయించమని మూడేళ్లుగా అడుగుతున్నాను. “చూద్దాం” అన్నారు. ఆయన చాలా మంచివారు. చూస్తూనే ఉంటారు.

సాయంత్రం చీకటి పడే వేళకు పలాసలో హౌరా వైపు వెళ్లే మెయిలు ఎక్కాం. ఆడవాళ్ల పెట్టెలో చోటు దొరికింది. ఎదురు బల్ల మీద, టాటానగర్ పక్కన మాంగోలో ఉన్న కొడుకు దగ్గరికి వెళుతున్న ఒక పెద్దావిడ కూర్చుంది. కాసేపు నూకరత్నం పొడుగాటి కాళ్లనే చూసి, నన్ను అడిగింది.

“ఏటమ్మా, ఈ గుంటని ఎక్కడికి తీసుకెల్తన్నావు? పెల్లిసూపులకా?”

“కాదమ్మా, దూకడం నేర్పించడానికి.”

“ఓలమ్మో! మా ఊర్ల గుంటలు గోడలు దూకితే కాల్లిరగ్గొడతాం. నువ్వు టిక్కెట్టు కొని మరీ దూకించడానికి తీసుకెల్తన్నావా?”

పెట్టెలో అందరూ నవ్వారు, నూకరత్నం తప్ప. పెద్దావిడ జాలిపడి మూట విప్పి చేగోడీలు పెట్టింది.

తెల్లవారేసరికి ఖరగ్‌పూర్. అక్కడ దిగి బండి మారాలి. ఈ దారిన వెళ్లేవారు టీ, టిఫినూ ఇక్కడే ముగించుకోవడం మంచిది. ప్లాట్‌ఫారం ఎంత పొడుగంటే సామానుతో ఆ చివరకు చేరేసరికి తిన్న పూరీ అరిగిపోతుంది. కూలీల్లో మనవాళ్లు చాలామంది, తెలుగులోనే బేరమాడుకోవచ్చు. టాటానగర్ ప్యాసింజరు ఎనిమిది గంటలకు కదిలింది. ఝార్‌గ్రామ్ దాటాక రెండు వైపులా సాల చెట్లు, ఎర్రమట్టి. ఘాట్‌శిలలో బండి చాలాసేపు ఆగింది. మధ్యాహ్నం కాకముందే ఉక్కు కొలిమి పొగ వాసన తగిలింది. ఊరు వచ్చేసిందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

రామారావు స్టేషనుకు వచ్చాడు. వాళ్లుండేది రైల్వే క్వార్టర్సులో. అతని భార్య పార్వతి అన్నం వడ్డిస్తూ ఈ వీపు మీద పడే విద్య గురించి అంతా అడిగింది. “ఎనక్కి పడితే నడుం ఇరిగిపోదా వదినా? ఉద్దోగం దేవుడెరుగు, పిల్ల మంచాన పడిపోతాది” అంది. నూకరత్నం సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కుంది.

మర్నాడు ఉదయం ఆరున్నరకు జుగ్సలాయి మీదుగా బిష్టుపూర్ వెళ్లే బస్సు పట్టుకున్నాం. స్టేడియంలో కోచ్ మహతో మా కోసం నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఒకప్పుడు తనూ ఎత్తు దూకినవాడే. ఇప్పుడు ఒక మోకాలు సరిగా వంగదు. హిందీ తప్ప మాట్లాడడు. నేను ఆ హిందీని తెలుగు చేసి నూకరత్నానికి అందించాలని ఏర్పాటు.

మొదటి రోజంతా పడటమే. పరుపుకు వీపు పెట్టి నిలబడి, వెనక్కి వాలిపోవాలి. పరుపు మెత్తగా ఉందని ఆమె చేత్తో నొక్కి చూసింది, పిడికిలితో గుద్దీ చూసింది. అయినా వెనక్కి వాలిన ప్రతిసారీ గాలిలోనే పక్కకు తిరిగి చేతులు ఆనించేది.

“టీచరూ, ఎనకాల ఏటున్నాదో అవుపడకండా ఎలా పడతాను?”

ఏళ్ల తరబడి ఇసుక నేర్పిన జాగ్రత్త అది. మహతో విసుక్కోలేదు. చేతులు కట్టుకుని, వంగని మోకాలితోనే తాను వెనక్కి పడి చూపించాడు. ఆయన పడుతుంటే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది, ఆ నవ్వులోనే తానూ పడింది.

మర్నాడు పరుగు మొదలైంది, కష్టమూ మొదలైంది. నూకరత్నం ఎడమ కాలితో లేస్తుంది. బోర్లా పొర్లి దాటే పాత పద్ధతిలో అలాంటివాళ్లు ఎడమ వైపు నుంచి రావాలి. ఈ వెల్లకిలా పద్ధతిలో అదే కాలితో లేవాలంటే కుడి వైపు నుంచి రావాలి. పైగా తిన్నగా కాదు, చివరి అడుగుల్లో వంపు తిరగాలి. సైకిలు మలుపు తిరిగేటప్పుడు లోపలికి ఒరుగుతుంది చూడండి, వంపులో పరుగెత్తే మనిషీ అలాగే కడ్డీకి దూరంగా ఒరుగుతాడు. ఆ ఒరుగు నుంచి నిటారుగా లేచే ఊపు మనిషిని పైకి తీసుకెళుతుంది. ఒరగకుండా వస్తే పైకి లేవడం పోయి కడ్డీ మీదికే వెళ్లిపడతాం. మహతో దీన్ని ఇసుక మీద పుల్లతో గీసి చెప్పాడు. నాకు బాగా అర్థమైంది. దూకాల్సింది నేను కాకపోవడమే చిక్కు.

“వంపు తిరుగు! భుజం లోపలికి! మోకాలు పైకి! నడుం ఎత్తు!” అని ఆయన హిందీలో అరుస్తాడు. నేను తెలుగులో అరుస్తాను. నేను “భుజం” అన్న మాట చేరేసరికి నూకరత్నం “నడుం” ఎత్తాల్సిన చోటు దాకా వెళ్లిపోయేది. ఒకసారి కడ్డీ కిందుగా పరుగెత్తుకుపోయి అవతల తేలింది. ఇంకోసారి పరుగు మధ్యలో ఆగి ఏ కాలు ముందో చూసుకుంది. చిన్నపిల్లలు దాటే ఎత్తు కూడా దాటలేకపోయింది. పోనీ పాత పద్ధతిలో ఒకటి దూకి ధైర్యం తెచ్చుకోమన్నాను. అదీ పడగొట్టింది.

తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని, “నాకు పాత దూకుడు కూడా పోనాది టీచరూ. అమ్మకి ఏటని సెప్పాల?” అంది.

రెంటికీ చెడ్డ రేవడి అయిందని నాకూ అనిపించింది. కొత్తది నేర్చేటప్పుడు పాతది కొంత కాలం చెడుతుందని మేం శిక్షణలో చదువుకున్నదే. ఆ కొంత కాలం ఏప్రిల్ దాటకూడదు కదా.

మూడో రోజు ఉదయం, కడ్డీ ముందరి నేలను నీళ్లు చల్లి కొత్తగా రోలరుతో చదును చేశారు. మహతో టీ తాగడానికి వెళ్లాడు, నేనూ వెళ్లాను. చెప్పేవాళ్లు లేకపోవడంతో నూకరత్నం తన మానాన తాను కుడి వైపు నుంచి పరుగెత్తుతూ ఉంది. టీ ముగించి వచ్చిన మహతో తడి నేల మీద ఆమె అడుగుల జాడలు చూసి ఆగిపోయాడు. తిన్నగా వచ్చిన అడుగులు ఒక చోట బయటికి జరిగి, చక్కగా గుండ్రంగా తిరిగి కడ్డీ దగ్గరికి వచ్చాయి. నిన్నంతా గొంతు చించుకున్నా రాని వంపు అది.

“ఇది ఎవరు నేర్పారు?” అన్నాడు. నేను కాదన్నాను. నూకరత్నాన్ని పిలిచి చూపించాం. ఆమె తన అడుగుల్ని తానే వింతగా చూసుకుంది. తర్వాత పకపకా నవ్వింది.

“ఇది మా సైకిలు షెడ్డు టీచరూ! ఇక్కడ తంబముంటాది కదా!”

నిజమే. ఆరో తరగతి నుంచీ ఆ పిల్ల గంట కొట్టగానే గ్రౌండులోకి వచ్చే దారి ఆ షెడ్డు మూల చుట్టూనే. పుస్తకాల సంచీ తగలకుండా స్తంభాన్ని తప్పించుకుంటూ వేలసార్లు పరుగెత్తి ఉంటుంది. బుర్రకు తెలియకుండా కాళ్లు ఆ స్తంభాన్ని టాటానగర్ దాకా మోసుకొచ్చాయి.

నేను హిందీలో ఇదంతా చెబితే మహతో వెళ్లి తన సైకిలు తెచ్చి, సరిగ్గా ఆ వంపు లోపల స్టాండు వేసి నిలబెట్టాడు. “ఈ అమ్మాయికి చెప్పండి. నిన్న నేను చెప్పిన భుజం, మోకాలు, నడుం అన్నీ మర్చిపోమనండి. షెడ్డు చుట్టూ తిరిగి వచ్చి పరుపు మీద పడుకోమనండి” అన్నాడు. ఆ ఒక్క వాక్యం తెలుగు చేశాను. ఆ తర్వాత అక్కడ నాకు పెద్దగా పని లేకపోయింది.

శరీరానికి భాగాల పేర్లు చెబితే ఆగిపోతుంది, వెళ్లాల్సిన చోటు చెబితే వెళుతుంది అని మహతో తర్వాత టీ దగ్గర అన్నాడు. చదువుకున్నవారికి ఇది కొత్త సంగతి కాదు. పని చేయగా చూడటం నాకు కొత్త. రోజులు గడిచేకొద్దీ కడ్డీ పైకి జరిగింది. తన పాత ఎత్తు దాటిన రోజున నూకరత్నం పరుపు మీద నుంచి లేవకుండా ఆకాశం చూస్తూ ఉండిపోయింది. చివరి ఉదయం నూట యాభై రెండు దాటింది. అయితే మహతో సైకిలు తీసేసి చూసినప్పుడు వంపు ఒకసారి వచ్చేది, ఒకసారి పరుగు తిన్నగా సాగిపోయేది.

“ఊళ్లో ఆ షెడ్డు ఉందిగా?” అని అడిగాడు.

“ఉంది. తీయించమని మూడేళ్లుగా నేనే అడుగుతున్నాను.”

“ఏప్రిల్ దాకా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి” అన్నాడు.

మా ఊళ్లో పరుపు ఎలా అన్న ప్రశ్న రామారావు తీర్చాడు. గోవింద్‌పూర్‌లో లారీ సీట్లు కుట్టేచోట అతనికి స్నేహితుడున్నాడు. “చింతా మత్ కర్ అక్కా. ఫోమ్ ముక్కలు ఆల్లు పాత సామాన్ల కబాడీవోడికి పారేత్తారు. బస్తాలకి ఎత్తుకొత్తాను” అన్నాడు. అన్నట్టే గోనె బస్తాలు కూరి, నోళ్లు కుట్టించి తెచ్చాడు. బరువు లేదు గాని చోటు చాలా తింటాయి. కొన్ని సామాన్ల బ్రేక్‌వ్యానులో వేయించి, మిగిలినవి మాతోనే ఎక్కించుకున్నాం. ఇలాంటి సామానుతో వెళ్లేవారు గంట ముందుగా స్టేషనుకు చేరాలి.

మధ్యాహ్నం బండి ఎక్కి, సాయంత్రం ఖరగ్‌పూర్‌లో మారాం. మద్రాసు మెయిల్లో మా బస్తాలకు మంచి గిరాకీ. బాలసోరులో దిగాల్సిన ఒకాయన వాటి మీద నిద్రపోయి భద్రక్‌లో లేచాడు. నూకరత్నం ఒక బస్తాకు వీపు ఆన్చి, వెనక్కి చూడకుండా హాయిగా వాలిపోయింది. వచ్చేటప్పుడు ఇలా వాలలేదు. ఇన్ని రోజుల టాటానగర్ ప్రయాణంలో నేను చూసిన అసలు మార్పు ఇదే అనిపించింది. కొలిమి పొగ, సాల చెట్లు మర్చిపోతానేమో గాని ఇది మర్చిపోను.

పొద్దున్నే పలాసలో దిగి, బస్తాలు రిక్షాలో వేసుకుని తిన్నగా స్కూలుకే వెళ్లాం. హెడ్మాస్టరు గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. మొహం వెలిగిపోతోంది. “రండి టీచర్, చూడండి!” అని గ్రౌండు వైపు చెయ్యి చూపించారు.

షెడ్డు లేదు. రేకులు గోడకు చేర్చి ఉన్నాయి. స్తంభాల గోతులు పూడ్చి, నేల చదును చేయించారు. సైకిళ్లు వేపచెట్టు కింద ఉన్నాయి. “మూడేళ్లుగా అడుగుతున్నారు పాపం. మీరొచ్చేసరికి చేయించాలని దగ్గరుండి తీయించాను” అన్నారు.

నాకు నిజంగా భయం వేసింది. థాంక్స్ చెప్పానో లేదో గుర్తు లేదు. నూకరత్నం బస్తాలు దింపి గొయ్యిలో రెండు వరుసలుగా పరిచింది, కడ్డీ నిలబెట్టింది, కుడి వైపు నడిచింది. నేను గబగబా చెట్టు దగ్గరికి వెళ్లి ఒక సైకిలు తోసుకొస్తున్నాను. సగం దారిలో ఉండగానే ఆమె పరుగు మొదలుపెట్టేసింది.

తిన్నగా వచ్చింది. పాత స్తంభం చోటు రాగానే బయటికి జరిగింది, లోపలికి ఒరిగింది, గుండ్రంగా తిరిగి లేచింది. కడ్డీ కదలలేదు. బస్తాల మీద వెల్లకిలా పడింది.

హెడ్మాస్టరు గారు కొంచెం నొచ్చుకున్నారు. “అదేమిటమ్మా, దారి అంతా ఖాళీ చేయించాం కదా! తిన్నగా రావచ్చుగా?”

నూకరత్నం పడుకునే సమాధానం చెప్పింది.

“అడ్డంగా షెడ్డున్నాది కదండీ.”

ఆయన నా వైపు చూశారు. నేను సైకిలు తీసుకెళ్లి మళ్లీ చెట్టు కిందే పెట్టేశాను.