చక్రం తిప్పినవాడు

దేశంలో చక్రం తిప్పేవాళ్ళు వేరే ఉంటారుగానీ, మా సందులో ఆ పని నిజంగా చేసినవాడు ఒక్కడే. ట్యాంకు నుంచి దిగే నీళ్ళ గొట్టం సందు మొదట్లో రెండుగా చీలుతుంది. ఒకటి ఎగువ బంగళాలకు, ఒకటి మాకు. ఆ చీలిక దగ్గర గోతిలో ఉన్న వాల్వును పొడవాటి ఇనుప తాళంతో తిప్పడం అతని ఉద్యోగం. అందుకే అందరం అతన్ని చక్రం అనేవాళ్ళం. పిలిస్తే నవ్వుతూ పలికేవాడు.

బంగళాలకు రోజంతా నీళ్ళు. మాకు తెల్లవారుజామున కాసేపు. ఎందుకలా అని ఎవరమూ అడగలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అంతే.

అతని అక్క మా సందు చివరింట్లో ఉండేది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. అయినా ఆమె ఇంటికి ఒక్క బిందె ఎక్కువ వచ్చింది లేదు. కొళాయికి చుట్టరికాలు తెలియవని తనే అందరి దగ్గరా హాస్యమాడేది.

ఆ వేసవిలో ఎగువన ఒక బంగళాలో పెళ్ళి. చుట్టాల కోసం ఈతకొలను నింపాలని, రెండు రోజులు సందు వాల్వు కట్టెయ్యమని ఇంజనీరు చెప్పాడు. చక్రం కట్టేశాడు. మొదటి రోజు దాచుకున్న నీళ్ళతో నెట్టుకొచ్చాం. రెండో రోజు పొద్దున అక్క ఖాళీ బిందెతో గోతి దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్, పిల్లకి జ్వరంరా. ఒక్క బిందెడు వదల్లేవా?"

"ఇవాళొక్కరోజు ఓర్చుకో అక్కా. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది."

"సర్లే. నీ చేతిలో మాత్రం ఏముందిలే," అని వెళ్ళిపోయింది.

ఇనుప తాళం అప్పుడు అతని చేతిలోనే ఉంది.

సందు వెనక పాత క్వారీ గుంటలో వాననీళ్ళు నిలిచి ఉంటాయి. ఆమె అక్కడికి వెళ్ళింది. పాచిపట్టిన బండ మీద కాలు జారింది. మధ్యాహ్నానికి మావాళ్ళు పైకి తీశారు.

ఆమెను అరుగు మీద పడుకోబెట్టాక, ఒళ్ళు కడగడానికి సందు మొత్తంలో చెంబెడు నీళ్ళు దొరకలేదు. చక్రం లేచి వెళ్ళి వాల్వు పూర్తిగా విప్పేశాడు. కొళాయిలు దగ్గినట్టు చప్పుడు చేసి ధారకట్టాయి. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక్కొక్కరే లేచారు. కళ్ళు తుడుచుకుంటూనే బిందెలు పెట్టుకున్నారు. మా అమ్మ కూడా వెళ్ళింది. అతను తిరిగొచ్చేసరికి అక్క పక్కన బావ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

సాయంత్రం ఇంజనీరు వచ్చి తాళం పట్టుకుపోయాడు. ఉద్యోగం పోలేదు. చక్రాన్ని ట్యాంకు కాపలాకు మార్చారంతే. అక్కడ నీళ్ళు పడే హోరులో అక్క ఆఖరి మాట వినబడుతుందని అతను మా నాన్నతో చెప్పాడు. మాట స్పష్టంగానే ఉంటుందట. ఏ గొంతుతో అందో పట్టుబడదట. జాలిపడిందా, ఎత్తిపొడిచిందా? ఒకరోజు ఉండబట్టలేక బావనే అడిగాడు.

"అలసిపోయి అనుంటుందిరా," అన్నాడు బావ.

ఆ జవాబుతో అతనికి నిద్ర రాలేదు.

మేనకోడలికి జ్వరం తగ్గింది. ఇప్పుడు రోజూ డ్యూటీ దిగగానే చక్రం నిండు బిందె భుజాన మోసుకొచ్చి వాళ్ళ గడప దగ్గర పెడతాడు. బావ వద్దనడు. ఆ పిల్ల మాత్రం అందులో చుక్క ముట్టదు. పక్కింటివాళ్ళు వంపుకుపోతారు. మర్నాడు అతను ఖాళీ బిందె తీసుకుని పైకి వెళతాడు.